ఎడమ చేతి చూపుడువేలు

మూతబడిన బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌లో, గని కార్మికులకి వరసగా కట్టిన లైన్ ఇళ్ళలో ఒకటి. మునిసిపాలిటీ ఎన్నికల పోలింగు ముగిసిన సాయంత్రం. వార్డుకి నిలబడిన జయరాం బయట షామియానా కింద జనం మధ్య ఉన్నాడు. వెనక గదిలో గడియ పెట్టుకుని అతని కోడలు గంగ, కూతురు వినుత నేల మీద ఎదురెదురుగా కూర్చున్నారు. మధ్యలో గోళ్ళ రంగుల సీసాలు. గంగకి కూర్చున్నచోట కాలు నిలవడం లేదు.

"ఇది కాదు వినుతా. ఇంగా నల్లగా ఉండల్ల."

"ఇంగా నల్లగానా? పెండ్లయి వచ్చినప్పట్నుంచీ నీ గోళ్ళు ఇయ్యి వదినా అని అడుక్కుంటా ఉండాను. ఒక్క దినమన్నా ఇస్తివా? గోటికి రంగుంటే ఫ్యాక్టరీలో రానియ్యరంటివి. ఇప్పుడు నువ్వే వచ్చి చెయ్యి చాపితే నల్ల రంగా? ఈ నెమలి రంగు చూడు. లోటాలో నీళ్ళు పోసి, మీద రెండు రంగులు చుక్కచుక్కగా వేసి, వేలు ముంచి తీస్తే చాలు. గీతలు గీతలుగా ఎంత బాగొస్తాదో."

"నీళ్ళ డిజైను ఇంకో దినం చేద్దాం. ఇప్పుడు ఒక్క వేలికి చాలు."

"ఒక్క వేలికా?"

"చూపుడువేలికి. అంతే."

"అట్లయితే గుండుసూదితో బొమ్మ గీస్తా. పోయిన వారం మన లైను ఆడోళ్ళందరికీ కుక్కర్ బొమ్మ గీసినా గదా, గురువమ్మక్క గోటి మీద విజిల్ గూడా వచ్చింది. నాయన గుర్తు ఏందని ఎవరన్నా అడిగితే ఆయమ్మ నోరు తెరవదు, గోరు చూపిస్తాది. నీకూ అదే—"

"కుక్కర్ వద్దు."

"ఏం?"

"వద్దు. ఊరికే. అడ్డంగా ఒక గీత చాలు. గోటి మీదినుంచి చర్మం మీదికి రావల్ల. నీ వేలి మీద ఉండాదే, అట్ల."

"నా వేలి మీద ఉండేది ఓటు సిరా వదినా."

"అదే."

"అదేనంటే?"

"నాది పోయింది. అందుకని."

"యాడికి పోయింది?"

"గిన్నెలు తోమినా గదా. జనానికి వండిన డేగిసాలు. మసి పోలేదని యాసిడ్ పోసి రుద్దినా. దాంతో సిరా గూడా పోయింది."

"వదినా, నా మొగం చూడు."

"ముందు ఆ కిటికీ ముయ్యి. మైను సైనైడు మట్టి గుట్ట మీంచి దుమ్ము వస్తా ఉండాది. తడి రంగు మీద పడతాది."

"తడి రంగు ఇంగా యాడుండాది? నేను సీసానే తెరవలేదు. వదినా, పొద్దున బూతులో ఆ ఆఫీసరమ్మ ఏం చేసిందో తెలుసా? పార్టీ బొమ్మ లోపలికి రాగూడదని నా గోటి మీద కుక్కర్ను నాతోనే తుడిపించి ఈ సిరా గీసింది. నాకు మండిపోయి, ఇంటికొచ్చి రిమూవర్ పెట్టి రుద్దినా. నిమ్మకాయ రుద్దినా. పేస్టు రుద్దినా. తోలు మండింది గాని సిరా కొంచెం గూడా తగ్గలేదు. నీది గిన్నెలు తోమితే పోయిందా?"

"పోయింది."

"చర్మం మీద గూడా?"

"మీ అన్న రెండుసార్లు పిలిచినాడు వినుతా. ఫొటోకి ఇంట్లోవాళ్ళంతా వేలెత్తి నిలబడల్లంట. స్టేటస్ పెడతాడంట మీ నాయన. బిర్నా, తొందరగా కానీ."

"వదినా, నువ్వు ఓటెయ్యలేదు."

"మెల్లగా."

"నువ్వు ఓటే వెయ్యలేదు."

"మెల్లగా అంటిని గదా. బయట అందరూ ఉండారు."

"ఉండనీ. పోయినతూరి నాయన ఎన్ని ఓట్లతో ఓడిపోయినాడో నీకు తెలియదా? ఈ చేతి వేళ్ళు చాలు లెక్కపెట్టేకి. ఆ ఓబలప్ప కుట్టుమిషను గుర్తుతో గెలిచి మన వాకిట్లోకి వచ్చి టపాకాయలు పేల్చినాడు. ఆ రాత్రి నాయన అన్నం తినలేదు. ఇప్పుడు ఇంట్లో ఓటే పడలేదంటే ఏం చెప్పేది? అసలు పోనే లేదా?"

"పోయినా. లైన్లో నిలబడినా. లోపల టేబులు కనపడేదాకా పోయినా."

"మళ్ళ?"

"వెనక్కి వచ్చేసినా."

"మన ఏజెంటు మునియప్ప మామ లోపల కూర్చోనుండె గదా. చూళ్ళేదా?"

"బిర్యానీ వచ్చిందని బయటికి లేసినాడు. ఆయన లేసినప్పుడే నేనూ వచ్చేసినా."

"ఏం పోయేకాలం వదినా నీకు? నాయన గెలిస్తే రాబర్ట్‌సన్‌పేట బజార్లో నాకు అంగడి పెట్టిస్తానన్నాడు. నువ్వు వింటివి గదా. బోర్డుకి ఏ రంగు వెయ్యల్లో గూడా అనుకొని పెట్టుకున్నా. ఈ గదిలో, ఈ చాప మీద, అమ్మ కసురుకుంటా ఉంటే ఎన్నాళ్ళని గీసేది?"

"నీకు అంగడి వస్తాది. నాకేం వస్తాది?"

"కౌన్సిలర్ కోడలు అయితావు."

"అదే నా భయం."

"భయమేందీ?"

"మొన్న మీటింగులో మీ నాయన ఏమన్నాడు?"

"నిన్ను పొగిడినాడు గదా."

"ఏమని పొగిడినాడో చెప్పు."

"కౌన్సిలర్ ఇంటి కోడలు తెల్లారకముందే కంపెనీ బస్సు కోసం రోడ్డు మీద నిలబడుకోదు, గెలిచిన మరునాడే పని మాన్పించి ఇంట్లో రాణి మాదిరి కూర్చోబెడతా అన్నాడు."

"అందరూ చప్పట్లు కొట్టినారు. మీ అన్న గూడా."

"నేనూ కొట్టినా."

"నువ్వూ కొట్టినావు. చూసినా."

"నీకు సుఖమని కొట్టినా వదినా. నరసాపురం ఫ్యాక్టరీ దాకా పోయేది, వచ్చేది, నైట్ షిఫ్టు, కాళ్ళనొప్పులు. నువ్వే గదా కాళ్ళు పట్టుమని అడిగేదానివి."

"కాళ్ళు నొప్పి పుడితే పని వద్దని ఎవరన్నారు? ఊరికే సినిమాకి పోయి వచ్చినా కాళ్ళు నొప్పులే. నేను కొత్త స్కూటరు చక్రానికి బోల్టులు బిగిస్తా వినుతా. లైను చివర్లో ఆ బండిని తొలిసారి స్టార్ట్ చేస్తారు. డర్‌మని సద్దు వస్తాది చూడు, అప్పుడు నా కడుపు నిండిపోతాది. ఆ పని నాకిష్టం. ఇంతవరకూ ఎవరికీ చెప్పుకోలేదు. ఫ్యాక్టరీ పని ఇష్టమంటే నవ్వుతారని."

"అన్నకి చెప్పి ఉండొచ్చు గదా."

"చెప్పినా. నాయన మాట మీద నేను మాట్లాడనన్నాడు."

"అట్లయితే ఆ ఓబలప్పకన్నా వేసేది. సుమ్నె, ఊరికే వెనక్కి వచ్చి ఏం లాభం?"

"కుట్టుమిషను నొక్కేకి చెయ్యి వస్తాదా? ఎంతైనా మామ. ఇంట్లో అన్నం తిని అట్ల చెయ్యగూడదు గదా. కుక్కర్ నొక్కేకీ చెయ్యి రాలేదు. అందుకే వచ్చేసినా."

"నేను పెట్టను."

"ఏంది?"

"సిరా మాదిరి గీత పెట్టమంటివి గదా. నేను పెట్టను. సీసాలు లోపల పెట్టేస్తా. ఒక్క ఓటుతో నా అంగడి పోతే ఎట్ల వదినా? నువ్వే చెప్పు."

"సరే. పెట్టొద్దు. పోయి ఫొటోలో ఉత్త వేలు ఎత్తుతా. మీ నాయన చూస్తాడు, అత్త చూస్తాది, అంతా అయిపోతాది."

"అంతేనా?"

"అంతే. ఇంగేం చేసేది?"

"అమ్మ సంగతి తెలుసు గదా నీకు. నిజం కుక్కర్ను చంకన పెట్టుకొని లైన్ లైనూ తిరిగిన మనిషి. పొద్దున తలకి పోసుకొని, అందరికంటే ముందు పోయి బూతు వాకిట్లో నిలబడింది. ఆయమ్మకి తెలిస్తే నిన్ను ఆ కుక్కర్లోనే పెట్టి ఉడకేస్తాది."

"తెలుసు. మామ అరిచి ఊరకుంటాడు. అత్తకే నాకు భయం."

"వదినా."

"ఏమి?"

"ఈ సీసాలన్నీ నువ్వు కొనిచ్చినవే. ఈ గోళ్ళు ఆరబెట్టే లైటు గూడా."

"నేననలేదు ఆ మాట."

"నువ్వనలేదు. నేనే అంటా ఉండాను. జీతం వచ్చిన దినం బస్సు దిగతానే ఒక సీసా తెస్తావు. నాకోసమే తెస్తా ఉండావనుకున్నా. నీకు గూడా ఆ దినం అట్ల తెచ్చేది ఇష్టమని నాకు తోచలేదు."

"ఇష్టమే. నా దుడ్డుతో నేను ఒకటి కొని ఒకరికి ఇచ్చేది నాకు శానా ఇష్టం."

"చెయ్యి ఇట్లియ్యి."

"నిజంగానా?"

"ఇయ్యమంటిని గదా. కదలొద్దు. కాళ్ళు గూడా ఆడించొద్దు. నేరేడుపండు రంగులో కొంచెం నలుపు కలుపుతా. సిరా పొద్దున ఊదాగా ఉండె, ఇప్పుడు చూడు, నల్లబడింది. ఇదిగో, నా వేలు పక్కన పెట్టి చూడు."

"మెరుస్తా ఉండాది వినుతా. సిరా మెరవదు."

"తెలుసు. ఆ డబ్బీ అందుకో. గోబీ చేసేకి తెచ్చిన కార్న్‌ఫ్లోర్. చిటికెడు కలిపితే మెరుపు చచ్చిపోతాది. మొన్న నా గోటి మీదే చేసి చూసినా."

"చర్మం మీదికి?"

"పాలిష్ చర్మం మీద నిలవదు, ఎండితే పెచ్చులు లేస్తాది. అక్కడ కాటుక పెట్టి, మీద పౌడరు అద్దుతా. చీపురుపుల్ల ఇయ్యి. సిరా సక్కగా ఉండదు వదినా, వాళ్ళు ఆత్రంగా గీస్తారు. కొంచెం వంకర పోవల్ల. నా వేలికి ఎట్ల పోయిందో చూసి అట్లనే... ఊదు. మెల్లగా ఊదు."

"అబ్బా. ఏది నీదో ఏది నాదో తెలియదు."

"నేనంటే ఏమనుకుంటివి? పక్కపక్కన పెట్టినా కనుక్కోలేరు."

"ఎవరో తలుపు కొడతాండారు."

"అమ్మ. గాజుల సద్దు. వదినా, చెయ్యి దాచొద్దు, దాస్తే అనుమానం వస్తాది. మామూలుగా ఉండు."

తలుపు తీయక తప్పలేదు. లోపలికి వచ్చిన గంగ అత్త మారమ్మ, మళ్ళీ తనే గడియ పెట్టింది.

"ఏం జరగతా ఉండాది ఈడ?"

"డిజైనమ్మా. ఫొటోకని."

"అందరూ వాకిట్లో నిలబడుకోనుంటే తలుపేసుకొని డిజైనా? గంగా, చెయ్యి చూపించు."

"అత్తా, అదీ—"

"చూపించు."

"ఇదిగో అత్తా. ఓటు సిరా."

"బాగుండాది. ఇదేం చెయ్యి?"

"కుడి చెయ్యి."

"వినుతా, నీకు బూతులో సిరా ఏ చేతికి పెట్టినారు?"

"ఎడమ... అయ్యో. ఎదురుగా కూర్చోని, నా వేలికి ఎదురుగా ఏ వేలుంటే దానికే..."

"అద్దంలో చూసి మచ్చ తుడుచుకునేవాళ్ళ మాదిరి. ఎవరన్నా మిమ్మల్ని చూసి తెలివైనోళ్ళు అనుకుంటారు."

"అత్తా, వినుతని ఏమనొద్దు. నేనే పెట్టమన్నా. నేను ఓటెయ్యలేదు."

"తెలుసు."

"ఎట్ల తెలుసు?"

"బూతు కాడినుంచి వచ్చినప్పట్నుంచీ ఆ చెయ్యి కొంగులో పెట్టుకొని తిరగతా ఉండావు. ఓటేసినోళ్ళు వేలు అందరికీ చూపించుకుంటా తిరగతారు గాని దాస్తారా? ఎప్పుడెప్పుడు చెప్తావా అని చూస్తా ఉంటి."

"మామకి చెప్తావా?"

"వినుతా, ఏందట్ల నోరు తెరుచుకొని చూస్తావు? ఆ చేతిది తుడిచెయ్యి. ఎడమదానికి పెట్టు. మీ అన్నని నేను ఆపినా, టీ తాగి పిలుద్దువులే అని చెప్పి వచ్చినా. టీ అయ్యేలోపల కానీ."

"అమ్మా, నువ్వేనా అనేది?"

"నేనే. గంగా, ఎడమ చెయ్యి నాకియ్యి, నేను పట్టుకుంటా."

"అత్తా, నీకు కోపం లేదా? మామ కోసం అంత తిరిగితివే."

"తిరిగినా. మొగుడు నిలబడితే పెండ్లాము ఇంట్లో కూర్చుంటే ఊరు ఊరకుంటాదా? కుక్కర్ బరువు నా నడుముకే తెలుసు. గంగా, నేను ఈ లైనుకి కాపురానికి వచ్చినప్పుడు మైను షాఫ్టు సైరను కూస్తే లేస్తా ఉంటిమి. సైరను కూసిందంటే ఇంట్లో ఒక మనిషి పనికి పోతాడని ధైర్యం. మైను మూసినాక సైరనూ పోయింది. మీ మామ ఆ దినం కూర్చున్నోడు, మళ్ళ ఎలక్షన్‌కే లేసినాడు. ఇన్నేండ్ల తరువాత, నువ్వు వచ్చినాక, తెల్లారుజామున మన వీధి చివర ఆ బస్సు హారను కొడతా ఉండాది. నాకు నిద్రలో సైరను విన్నట్ల ఉంటాది. లేసి నీకు అన్నం డబ్బా కట్టేది ఎందుకనుకుంటివి? కోడలి మీద ప్రేమ కారిపోయా?"

"అత్తా..."

"ఏడవొద్దు. కాటుక కారతాది. వినుతా, ఇంగ కొంచెం వంకరగా గియ్యి, నాది చూసి గియ్యి."

"గీస్తా ఉండాను. అమ్మా, అయితే నా అంగడి?"

"వదిన పనికి పోతానే ఉంటే నీ అంగడికి ఇవాళ కాకపోతే రేపు దోవ దొరుకుతాది. ఆయమ్మను ఇంట్లో కూర్చోబెడితే ఎవరికీ యాడా దొరకదు."

"అందుకే కుక్కర్ నొక్కలేకపోయినా అత్తా. మామకి ద్రోహం చేసినట్ల గూడా ఉండగూడదని, దేనికీ నొక్కకుండా బయటికి వచ్చేసినా."

"నువ్వు చిన్నదానివి, బయటికి వచ్చేస్తివి. నేను లోపలికి పోయినా. ఇదో, నా వేలు చూడు. ఇది పాలిష్ కాదు, కాటుక కాదు, నిజం సిరా. కుట్టుమిషను నొక్కి వచ్చినా."