అండమాన్ నుంచి వచ్చిన సీసా

పూండి దగ్గర ఒక ఊరు, కొత్తవీధి. 2005, ఎండలు ముదురుతున్న రోజులు. అరుగు మీద వీధిపెద్ద వైకుంఠరావు, గుమ్మంలో జీడిపప్పు పొట్టు తీస్తూ అతని కోడలు ప్రమోదిని.

"అప్ప కూతురివి గదా, అందులో బియ్యే సదివినావు గదా అని నిన్ను కోడల్ని సేసుకున్నాను సూడు, జన్మకి అదొక్కటే నాను సేసిన తప్పు."

"ఒక్కటేనా మావా? బాగా గుర్తు తెచ్చుకో."

"ఒక్కటే. రెండోది లేదు. మీయమ్మ అప్పుడే సెప్పింది. తమ్ముడూ, దీనికి నోరెక్కువ, ఇంకెక్కడికైనా ఇచ్చీసుకుంటాను అంది. నానే ఇన్లేదు."

"ఇప్పుడు నా నోరేం చేసింది?"

"డాక్టరొత్తే కాఫీ పెడతానంది. మన వీధి మీద మచ్చేసిన మనిసికి మన గేదె పాలతో కాఫీ! పంచదార కూడా ఎయ్యి, ఎందుకు తక్కువ?"

"వేస్తాను. ఆయన కాఫీ తాగేలోపు నువ్వు ఏం తిట్టాలో అనుకోవచ్చు."

"అనుకునేదేటి? పొద్దున్నుంచీ అనుకునే కూకున్నాను. మీ కిడ్నీ మందుల వేను మా వీధిలోకి రాకూడదు. మీ లెక్క దొంగలెక్క. మీ కాగితం ముక్కలు దొంగముక్కలు. అంతే. సెప్పి పంపించీడమే."

"దొంగలెక్కని నీకెలా తెలిసింది?"

"తెలిసింది."

"ఎలా?"

"ఓలె గుంటా, ఈ వీధిలో రోగిష్టోడు ఎవడున్నాడో నువ్వే సెప్పు. కొబ్బరిచెట్లెక్కుతన్నారు, జీడితోటలు బాగుసేసుకుంటన్నారు, పెళ్ళిభోజనాలకెల్తే విస్తళ్ళు ఒక్కటి మిగల్నివ్వరు. అలాటి వీధిలో పరీక్షకిచ్చిన ప్రతి ఉచ్చసీసా సెడిపోనాదంట! మీ ఆయనది సెడిపోనాది. ఆనంద్‌ది సెడిపోనాది. ఆ రాజకుమారి, బస్తా ఎత్తి అటకేస్తాది, దానిదీ సెడిపోనాది. పసుప్పచ్చ కాగితం సీసాలో ముంచితే ఆకుపచ్చగయిపోనాదంట. రోగాలు సూడ్డానికొచ్చారా, రంగులాడుకోడానికొచ్చారా?"

"ఆ రంగు వస్తే, ఒంటికి పట్టాల్సిన సత్తువ ఉచ్చలో కారిపోతున్నట్టట. నొప్పి కూడా ఉండదట. మనిషి చెట్లెక్కుతూనే ఉంటాడట, లోపల మాత్రం..."

"నాకు పాఠాలు సెప్పకు. ఇలాటోళ్ళని ఎంతమందిని సూల్లేదు? ఒకడొచ్చి నూతినీళ్ళు పట్టుకుపోనాడు. ఇంకోడు మట్టి పట్టుకుపోనాడు. ఇంకోడు నెత్తురు పట్టుకుపోనాడు. ఒక్కడైనా తిరిగొచ్చి ఇందులో ఇదుందిరా అని సెప్పాడా? ఆళ్ళ ఫొటోలు పేపర్లో పడ్డాయి. మన నూతిలో బొక్కెన పోనాది."

"అది నిజమే. కానీ ఈయన తిరిగొచ్చాడు గదా. మందులతో వస్తానంటున్నాడు."

"అదే నా బాధ! ఆళ్ళలాగే ఈడూ రాకుండా ఉంటే బాగుండీది. టెక్కలోళ్ళు ఏటన్నారో ఇన్నావు గదా. ఆనంద్‌కి పిల్లనిత్తామని తాంబూలాల కాడికొచ్చినోళ్ళు, కిడ్నీ వీధికి మా పిల్లనియ్యలేం బావా అని లెగిసెల్లిపోనారు. రేప్పొద్దున్న ఆ వేను తెల్లటి రంగేసుకుని మన గుమ్మంలో ఆగిందనుకో, ఇంక ఈ వీధి కుర్రోళ్ళందరికీ నానే పెళ్ళాన్నవ్వాల."

"అత్త ఒప్పుకోదు."

"నవ్వకు."

"సోములు ఏమన్నాడు?"

"మజ్జిలో సోములేటి?"

"నీ చిన్నప్పటి జట్టు గదా. నిన్న చేపలు పట్టుకొచ్చి ఈ అరుగు మీదే కూర్చున్నాడు. లేవలేకపోయాడు. కాళ్ళు అరిటిబోదెల్లా ఉన్నాయి."

"సూసాను."

"వాళ్ళ పేటలో చాలామందికి అలాగే ఉన్నాయట."

"తెలుసే. మందులకి విశాపట్నం పోతన్నాడు, ప్యాసింజర్లో తలుపు కాడ కూకుని. మొన్న ఆముదాలవలసలో దించీసారంట, తూలతన్నాడు, తాగున్నాడని. జన్మలో కల్లు ముట్టని మనిసిని."

"వేను వాళ్ళ పేటకి వెళ్తే ఆ తిప్పలుండవు."

"మరెల్లమను! నానొద్దన్నానా? సముద్రపొడ్డుకే పొమ్మను. నాను సెప్తంది అదే గదా ఇందాకటి నుంచీ."

"పొమ్మంటే పోదు మావా. ఉన్నది ఒక్క వేను, ఒక్క డాక్టరు. ఎవరి అరుపు పెద్దదైతే వాళ్ళకి కాదు, ఎక్కడ ఎక్కువ సీసాలు చెడితే అక్కడికే అన్నారు. ప్రెసిడెంటు ఈశ్వరరావు తన రైసుమిల్లు ముందు ఆపమన్నాడు. ఆపలేదు. ఆయన సీసాలు మంచివట, పాపం."

"ఆ ముఖానికి తగిన శాస్తి."

"సోములు పేటలో సగం సీసాలు చెడ్డాయి. మన వీధిలో అన్నీ చెడ్డాయి. మనమే గెలిచాం."

"గెలిసామా?"

"మొదటి బహుమతి. వీధిపెద్దవి నువ్వే గదా, దండ నీకే వేస్తారు."

"దండేత్తారో పాడెక్కిత్తారో... ఆ సీసాలు తప్పు సెప్పాయే!"

"సీసాలకి నోరెక్కడిది? పోసినవాళ్ళకుంది."

"ఆ జీడిపప్పు మాడిపోతన్నట్టుంది, సూడు."

"పొట్టు తీస్తున్నాను మావా, పొయ్యి మీద లేదు. అన్నట్టు, మన ఢిల్లీరావు ఇంటికి తాళమేసి ఎన్నాళ్ళయింది?"

"ఆడికేటి, మారాజు. అండమాన్లో తాపీపని. పెళ్ళాన్నీ తీసుకుపోనాడు. సంక్రాంతెల్లి సంక్రాంతొచ్చింది, ఆడి మొకం సూసినోడు లేడు. ఏటీ, ఉత్తరం రాసాడా?"

"సీసా పంపాడు."

"ఏ సీసా?"

"నర్సు సలోమి చెప్పింది. కొత్తవీధి ఢిల్లీరావు గారిది కూడా బాగా చెడిందండి, ఆయన్ని తప్పకుండా వేను దగ్గరికి రమ్మనండి అని. అంత దూరం నుంచి ఓడలో వచ్చిందేమో మావా. మూత బాగా బిగించి పంపినట్టున్నాడు, ఒక్క చుక్క కారలేదు."

"ఆ నర్సుగుంట ఓ తెలివితక్కువది. తాళం ఉందో లేదో సూడకుండా ఓటర్ల పేర్లు సదివి సీసాలిచ్చీసింది. కాళీ సీసా తిరిగిచ్చీడం బాగుంటాదా?"

"బాగుండదు. మర్యాదేనా అది?"

"అదే గదా."

"మరి ఆ మర్యాద ఎవరు చేశారు?"

"వీధిపెద్దన్నాక... ఒలే, ఆ డాక్టరు ఎంత దూరంలో ఉన్నాడో సూడు."

"బడి దగ్గర దిగాడట, నడిచి వస్తున్నాడు. మావా, సీసాలు తీసుకెళ్ళే ముందురోజు వీధిలో సీసాలన్నీ మన పెరట్లోకి వచ్చాయి. అరిటిచెట్ల వెనక గోడ మీద వరసగా పెట్టున్నాయి. పక్కన బిందెనిండా కొబ్బరినీళ్ళు. నీకు వేడిచేసిందేమో అనుకున్నాను."

"నువ్వు పెరట్లోకి ఎందుకొచ్చావు?"

"కరివేపాకుకి."

"అన్నిట్లోకీ కరివేపాకేనా నీకు!"

"మావా."

"అవునే! నానే! ఏటంటావు ఇప్పుడు? రోగం బయటపడితే ఈ వీధి గడప ఇంకెవడూ తొక్కడు. ఎవడిలో ఏటుందో ఎవడికి తెలుసు? అందుకే ఒక్కరిదీ వద్దన్నాను. వీధి మొత్తానికి గట్టి మనిసి ఎవడు? నాను! మాత్ర మింగిన జన్మ కాదు నాది. ఈ వయసులో చెట్టెక్కి గెల దించుతాను. అందుకే సీసాలన్నీ నానే నింపాను. మీ ఆయనదీ నాదే, ఆనంద్‌దీ నాదే, రాజకుమారిదీ నాదే, ఆ అండమానోడిదీ నాదే! కొబ్బరినీళ్ళు తాగడం, పెరట్లోకి పోడం, తాగడం, పోడం. ఊరికోసం ఏ పెసిడెంటైనా అంత కట్టపడ్డాడా?"

"లేదు మావా. ఆ విషయంలో నీకు సాటి లేరు."

"ఇప్పుడు సెప్పు, దొంగలెక్క అవునా కాదా? పెద్ద సదువులు సదివి, ఒక్క మనిసి సీసాలు అన్నేసి ముందెట్టుకుని, అన్నీ సెడిపోనాయని రాసుకున్నారంటే ఆళ్ళకి బుర్రుందా? ఆ డాక్టర్ని ఇక్కడ కూకోబెట్టి, నీ కాఫీ సేతిలో పెట్టి, ఇదే అడుగుతాను. మొకం ఎక్కడెట్టుకుంటాడో సూద్దాం! ఏటే, నవ్వవేటి?"

"మావా, అన్నీ నీవేనా?"

"అన్నీ నావే."

"ఒక్కటీ వేరేవాళ్ళది కలవలేదా?"

"కలవలేదన్నాను గదా. ఇందాకటి నుంచీ కిలకిలలాడతన్నావు. ఇప్పుడు నవ్వు మరి!"

"నవ్వు రావడం లేదు."

"ఏటయింది?"

"కాగితం అబద్ధమాడితే ఒకసారి ఆకుపచ్చగా, ఒకసారి పసుప్పచ్చగా చెప్పేది మావా. ఇది ఎన్నిసార్లు అడిగినా ఒకే మాట చెప్పింది. అడిగింది మాత్రం నిన్నొక్కణ్ణే."

"ఏటన్నావు?"

"రాత్రుళ్ళు మాటిమాటికీ లేస్తున్నావని అత్త అంటోంది."

"వయసే."

"చెప్పులు బిగువైపోయాయని కొత్తవి కొనిపించుకున్నావు."

"ఎండకి తోలు ముడుసుకుపోనాది."

"ఆ పాతవే మీ అబ్బాయి తొడుక్కు తిరుగుతున్నాడు. వదులుగా ఉన్నాయంటున్నాడు."

"నాకేటీ లేదే అమ్మీ. నొప్పి లేదు. నిజంగా లేదు."

"ఉండదనే ఇందాక చెప్పబోయాను. నాకు పాఠాలు చెప్పకు అన్నావు."

"సోములు కూడా... సోములు కూడా ముందల సెప్పుల గురించే అన్నాడు. నానే నవ్వాను. సేపలమ్మినోడివి, నీకు బూట్లు కావాలేట్రా అన్నాను."

"కొంచెం మంచినీళ్ళు తాగు."

"నీకు ముందే తెలుసా?"

"ఆ తాళమేసిన ఇంటిది ఎవరిచేతో నింపించావని, మిగతావి ఎవరివి వాళ్ళే నింపారని అనుకున్నాను. ఢిల్లీరావు సంగతి తీసి, నీ నోటితోనే చెప్పించి, నెల్లాళ్ళు నవ్వుకుందామనుకున్నాను. అన్నీ నీవని తెలిస్తే ఈ మాటే ఎత్తకపోదును."

"ఎత్తకపోతే ఏటయ్యీది?"

"ఏమీ అయ్యేది కాదు. ఇప్పుడైనా నువ్వు నోరు మూసుకుంటే ఏమీ కాదు. వేను నీ గుమ్మం ముందే ఆగుతుంది. నిన్ను చూస్తారు, మందులిస్తారు. నీ వెనక రాజకుమారి, ఆనంద్, మీ అబ్బాయి దుక్కల్లా వరసలో నిలబడతారు. సోములు ప్యాసింజరు తలుపు దగ్గర కూర్చుంటాడు."

"సెప్తే?"

"పేటకి పోతుంది. మన వీధి మళ్ళీ సీసాలు ఇవ్వాలి, ఈసారి ఎవరివి వాళ్ళు. నువ్వు చేసిన పని ఊరంతా తెలుస్తుంది. టెక్కలిదాకా."

"ఈశ్వరరావుకీ తెలుస్తాదా?"

"మైకులో చెప్పిస్తాడు."

"ఓలమ్మో."

"నేను చెప్పమనీ అనను, మానమనీ అనను మావా. నువ్వు బాగుండాలి నాకు. అది మాత్రం నిజం."

"ఆ మాట నువ్వనకూడదే. నోరెక్కువదానివి, నువ్వూ అలాటి మాటంటే నాను ఎవరి మీద ఎగరాల?"

"అదిగో, వస్తున్నాడు."

"ఉండు, తువ్వాలు ఇలాగియ్యి."

"నమస్కారమండీ. వైకుంఠరావు గారు మీరేనా? నా పేరు చార్లెస్, మిషన్ ఆసుపత్రి డాక్టర్ని. వేను ఎక్కడ నిలపాలో చూసుకుందామని వచ్చాను. ఈ కొబ్బరిచెట్ల కింద నీడ బాగుంది. మీ గుమ్మం ముందే ఆపేద్దామా?"

"కూకోండి బాబూ. అమ్మీ, డాక్టరు గారికి కాఫీ."

"తెస్తాను మావా. పంచదార వేసే."

"మా లెక్క తప్పని మీరు వీధిలో అందరితోనూ అంటున్నారట, వైకుంఠరావు గారూ. కోపం లేదండీ. తప్పెక్కడుందో చెబితే దిద్దుకుంటాం. లేకపోతే వేను అవసరం లేనిచోట ఆగుతుంది, అవసరమైనచోటికి వెళ్ళదు."

"సోములనీ, ఒడ్డున పేటలో ఉంటాడు. కాళ్ళు వాసిపోనాయి. ఆడిదీ సూసారా బాబూ?"

"చూశాం. బాగా ముదిరింది. ఏం చెయ్యమంటారు, వాళ్ళ పేట కంటే మీ వీధి లెక్క ఇంకా అన్యాయంగా ఉంది."

"మావా, కాఫీ ఆయనకిచ్చాను. ఇది నీకు."

"అక్కడెట్టు. నువ్వెల్లకు, ఇక్కడే నిలబడు... డాక్టరు బాబూ, తప్పు మీ లెక్కలో లేదు, నాలో ఉంది. ఈ వీధి సీసాలన్నిట్లోనూ ఉన్నది నానొక్కణ్ణే, ఆ అండమానోడి సీసాతో సహా. సేసింది తప్పు. వేను సోములు పేటకి తోలించండి, నాను అక్కడికే నడిసొత్తాను."