పదకొండు పెట్టెల సాక్షిగా పెట్టెలక్కయ్యకు

1991 జూలై 8వ తేదీన ఈ ఆసుపత్రి కృత్రిమ అవయవాల విభాగంలో కొలతల గుమాస్తాగా చేరిన మనిషి ఈ నెల 31న పదవీ విరమణ చేస్తున్నారని తెలిసి కూడా, ఆమె ఎనిమిదేళ్లుగా కంటికి రెప్పలా కాచుకున్న పదకొండు పెట్టెలను ఆగస్టు 4న తుక్కు లారీకి ఎక్కించమని ఉత్తర్వు ఇచ్చింది మీరు. పరిపాలనా విభాగం పెద్దలూ, మిమ్మల్నే అంటున్నాను. మీ తుక్కు జాబితాలో పదిహేడో వరస తీసి చదవండి. “పాత నిల్వ పెట్టెలు, పదకొండు, పనికిరానివి.” ఆ చివరి మాట అబద్ధం. మీలో ఒక్కరైనా మెట్లు దిగి వచ్చి అవి పనిచేస్తున్నాయో లేదో చూశారా? చూడకుండా చావు రాసే హక్కు ఈ ఆసుపత్రిలో డాక్టర్లకే లేదు, మీకెక్కడిది?

వీడ్కోలు సభ సావనీరు కమిటీవారు నిండైన భాషలో రాయమన్నారు. ప్లాస్టరు గదిలో ముప్పై ఏళ్లుగా ప్లాస్టరు కలుపుతూ, యూనియన్ కరపత్రాలు రాస్తూ నేర్చుకున్న భాష నాది. అందులో నిండుదనం ఎంతుంటే అంతా ఆమెకే. హాజరుపట్టీలో ఉన్న ఆమె పేరు మనలో సగం మందికి తెలియదు. సూపరింటెండెంటు గారి నుంచి వరండా ఊడ్చే పిన్ని వరకు అందరికీ ఆమె పెట్టెలక్కయ్య.

చేరిన రోజుల్లో అక్కయ్యగారి విధి ఒక్కటే. కాలు పోగొట్టుకుని వచ్చినవారి కొలతలను నిపుణులు పైకి చెబుతుంటే రిజిస్టరులో రాయడం. పొడవు, చుట్టుకొలత, మడమ ఎత్తు, బరువు. కార్యాలయం అచ్చు వేసిన గళ్లు అంతే. మొదటి ఏడాది గడవకముందే ఆమె పేజీ అంచున స్కేలు పెట్టి ఇంకో గడి గీశారు. దాని తల మీద “ఈ కాలితో ఏం చేయాలి?” అని రాశారు. ఎవరూ గీయమనలేదు, ఎవరూ వద్దనలేదు, ఎందుకంటే ఎవరూ చూడలేదు. ఆ గడిలోని జవాబులు నేను ఈమధ్యే చదివాను. “నిచ్చెన ఎక్కాలి, గోడలకు రంగులు వేసే పని.” “రోజంతా నిలబడి పాఠం చెప్పాలి.” “మనవరాలిని ఎత్తుకుని రెండో అంతస్తు దిగాలి.” ఒకాయన జవాబు ఇది: “ఏమీ లేదు, మా ఆవిడ పక్కన నడవాలి, వెనకాల కాదు.”

2009లో రికార్డు గది పైకప్పు కారి రిజిస్టర్లు తడిసిపోయినప్పుడు, అక్కయ్యగారు ఒక్కో పేజీ విడదీసి మా ప్లాస్టరు గది బల్లల మీద పరిచి, వారం రోజులు ఫ్యాన్ల కింద ఆరబెట్టారు. మూడో వంతు సిరా అప్పటికే కరిగిపోయింది. మిగిలినదంతా ఆ గడితో సహా ఆమె నాలుగేళ్లు కూర్చుని కంప్యూటరులోకి ఎక్కించారు. 2013లో విభాగానికొకటి చొప్పున పన్నెండు తెల్లని పెట్టెలు వచ్చాయి. లావుపాటి నిఘంటువంత పెట్టె. లోపల ఒక డిస్కు, సెల్‌ఫోన్లలో ఉండే ఆర్మ్ జాతి చిన్న ప్రాసెసరు, వెనక నెట్‌వర్కు వైరు తగిలించే చోటు. కొలతలన్నీ అందులో చేరాయి. నాలుగేళ్లకు ఆ పెట్టెలు అమ్మిన కంపెనీ వ్యాపారం మానుకుంది. పెట్టె తెరుచుకోవాలంటే ఆ కంపెనీ సర్వరు సరేననాలి, ఆ సర్వరేమో మూతపడింది. గాదె మనది, గింజలు మనవి, తాళంచెవి మాత్రం ఊరు విడిచిపోయినవాడి మొలతాడుకు ఉంది.

మిగతా విభాగాలవారు తమ పెట్టెలను మెట్ల కింద పడేశారు. అక్కయ్యగారు పన్నెండూ తనకిమ్మని అర్జీ పెట్టారు. “తీసుకోవచ్చును, కార్యాలయానికి బాధ్యత లేదు” అని జవాబు వచ్చింది. పెద్దలారా, మీ సంతకంతో వచ్చిన నిజమైన వాక్యం అదొక్కటే.

అప్పటికి ఆమెకు యాభై రెండేళ్లు. ముక్కూమొహం తెలియని మనుషులు ఇంటర్నెట్‌లో రాసిపెట్టిన సూచనలను, పక్కన నిఘంటువు పెట్టుకుని, మధ్యాహ్నం భోజనాల వేళ కూడబలుక్కుంటూ చదివారు. పెట్టె మూత విప్పితే పలక మీద నాలుగు సన్నని పిన్నులుంటాయి. వాటికి వైరు కలిపి పాత కంప్యూటరుకు తగిలిస్తే, పెట్టె నిద్రలేస్తూ గొణుక్కునే మాటలు తెర మీద కనబడతాయి. ఆ గొణుగుడు మధ్యలో ఆపి, కంపెనీవాడి సాఫ్ట్‌వేరు బదులు లైనక్స్‌తో లేవమని చెప్పాలి. లైనక్స్ అంటే ఏమిటని నేనడిగాను. ఆమె తల ఎత్తకుండానే చెప్పారు.

“ఎవడి సొంతమూ కానిది. పాడైతే ఎవరైనా విప్పి బాగుచేసుకోవచ్చు. మీ యూనియన్ ఆఫీసు కుర్చీలాగ. కాకపోతే దీన్ని నిజంగానే బాగుచేస్తారు.”

మొదటి పెట్టెను ఆమె చంపేశారు. దాచడం దేనికి? వేరే మోడలుకు రాసిన సూచన చూసి, పెట్టెను నిద్రలేపే ప్రోగ్రాము ఉండే చోట తప్పుడు సరుకు రాసేశారు. ఆ తర్వాత అది గొణగనైనా లేదు. ఈ పని చేసేవాళ్లు అలాంటిదాన్ని “ఇటుక” అంటారట. ఆమె దాన్ని అక్షరాలా ఇటుకగానే వాడారు. కొలతల గది తలుపు గాలికి కొట్టుకోకుండా ఈనాటికీ అదే ఆపుతోంది. దాని మీద ఆమె అంటించిన చీటీ: “తప్పు నాది. మోడల్ నంబరు చూడలేదు. 2017 అక్టోబరు 12.” ముప్పై ఏళ్ల నా ఉద్యోగంలో ఈ భవనం మొత్తం మీద తప్పు నాది అని తేదీ వేసి రాసిన కాగితం నేను చూసింది అదొక్కటే.

రెండో పెట్టె, మన కొలతలున్నది, లేచింది. తర్వాత మిగిలినవీ లేచాయి. పది పెట్టెలను ఆమె ఐదు జతలు చేశారు. జతలో ఒకటి కొలతల గదిలో, రెండోది అవతలి భవనంలో మా ప్లాస్టరు గది అటక మీద. ఒకటి పోయినా రెండోదానిలో రికార్డు ఉంటుంది. ప్లాస్టరు దుమ్ము లోపలికి పోకుండా, కృత్రిమ కాలు అమర్చేముందు, తెగ్గా మిగిలిన కాలి మీద తొడిగే నూలు మేజోళ్లలో చిరిగినవి కత్తిరించి గాలిరంధ్రాలకు తొడిగారు. శనివారం శనివారం ఉతికి ఆరేసేవారు. పదకొండో పెట్టె మీద “పాడుచేయడానికి” అని రాసి పెట్టారు. నేర్చుకోవాలనుకునేవాళ్లు భయం లేకుండా చెయ్యి పెట్టడానికి అది. ఏడేళ్లు ఎవరూ చెయ్యి పెట్టలేదు.

ఇక నా నేరం. ఆ రోజుల్లో నేను ఆమెకు వ్యతిరేకంగా మాట్లాడాను. జీతం లేని పని చేసి యాజమాన్యం పరువు కాపాడుతున్నారని యూనియన్ మీటింగులో అన్నాను. అక్కడ అన్నది చాలక కొలతల గదికి వెళ్లి మరీ అన్నాను. ఇలా అతుకులేసుకుంటూ పోతే కొత్తవి ఎప్పుడు కొంటారని అడిగాను. ఆమె కిటికీ లోంచి బయటి బల్ల చూపించారు. అక్కడ ఒక దర్జీ ఆమె కూర్చుని ఉంది. అంతకు ఎనిమిదేళ్ల ముందు ఇక్కడ పెట్టిన కాలి పాదం విరిగితే కొత్త పాదం పెట్టి పంపారు. నడవగలుగుతోంది, కుట్టు మిషను తొక్కలేకపోతోంది. అప్పటికి మూడోసారి వచ్చింది. పాత నిపుణుడు ఉద్యోగం మారిపోయారు, ఆ పాదాన్ని ఎలా అమర్చారో ఎవరికీ తెలియదు.

“కొత్త పెట్టెలు కొనేదాకా ఆవిడని కుట్టకుండా కూర్చోమందామా, లీడరూ?” అన్నారు అక్కయ్య.

నేను స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాను.

అప్పుడే లేచిన రెండో పెట్టెలో ఆ రికార్డు దొరికింది. పాదం ముందు భాగం ఏడు డిగ్రీలు కిందికి, మడమ అడుగున అర అంగుళం మెత్త. చివరి గడిలో: “కుట్టు మిషను తొక్కాలి. కుడికాలు. ఆగకుండా.” కొలత సరిపోయిందో లేదో ఇక్కడే తేలాలని అక్కయ్య ఇంటికి ఫోన్ చేశారు. ఆ రోజు డ్యూటీ లేని ఆమె భర్త, బస్సు కండక్టరైన మా బావగారు, ఇంట్లో ఉన్న మిషను ఇనుప తొక్కుడుబల్ల విప్పి స్కూటరు మీద తెచ్చారు. పెళ్లినాడు కూడా ఇంత బరువైన మాట ఇవ్వలేదని వరండా అంతా వినబడేలా విసుక్కున్నారు గానీ, బిగించింది కూడా ఆయనే. దర్జీ ఆమె తొక్కి చూసింది. ఆపి, మళ్లీ తొక్కింది. “ఇదీ నా కాలు” అంది. అక్కయ్య ముఖం తిప్పుకుని, ఎందుకో, అప్పటికే బిగించి ఉన్న స్క్రూ మళ్లీ బిగించారు.

మరుసటి మీటింగులో నా మాట నేనే వెనక్కి తీసుకున్నాను. అక్కయ్య వేళ్ల కీళ్లు వాచి స్క్రూడ్రైవరు పట్టు జారుతోందని గమనించి, దాని పిడి చుట్టూ ప్లాస్టరు పట్టీ చుట్టి, తడిగా ఉండగానే ఆమె చేత గట్టిగా పట్టించాను. ఆమె వేళ్ల అచ్చు పడింది. నేను చెప్పగలిగిన క్షమాపణ అంతే. ఆమె ఆ పిడి మీద తేదీ వేశారు.

ఈ మేలో మీ తుక్కు ఉత్తర్వు వచ్చింది. కొత్త సాఫ్ట్‌వేరు వస్తోందట, అన్నీ అందులో ఉంటాయట. కంప్యూటరు విభాగంలో అడిగి తెలుసుకున్నాను. అందులోకి ఎక్కేది చివరి మూడేళ్ల రికార్డులే. “ఈ కాలితో ఏం చేయాలి?” అన్న గడికి అందులో చోటే లేదు. మిగతా సంవత్సరాల సంగతేమిటని సూపరింటెండెంటు గారిని అడిగితే, ఆయన తాపీగా సెలవిచ్చారు. “ఆవిడ ఇల్లు దగ్గరే కదా. ఏదైనా కావాలంటే ఫోన్ చేస్తే వచ్చి చెబుతుంది. ఆవిడకి అన్నీ గుర్తుంటాయి.”

అయ్యా, ముప్పై నాలుగేళ్లు పనిచేసిన మనిషిని ఇంటికి పంపుతూనే ఆమె బుర్రను మాత్రం ఇక్కడ అటక మీద పెట్టుకుందామనుకున్నారా?

ఉత్తర్వు చూసి అక్కయ్య మీ దగ్గరికి రాలేదు. పదకొండో పెట్టె పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. “కూర్చో. నీకు అర్థమైతే ఎవరికైనా అర్థమవుతుంది” అన్నారు. ఆమె రాసుకొచ్చిన నోటుపుస్తకం నా ముందు పెట్టి, తన చేతులు రెండూ ఒడిలో పెట్టుకున్నారు. ఏం జరిగినా కీబోర్డు ముట్టనన్నారు, నోటితో కూడా చెప్పనన్నారు. నేను ఎక్కడ ఆగిపోతే అక్కడ తప్పు నాది కాదట, వాక్యానిదట. మొదటి రోజు మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. “పెట్టె ఆన్ చేయండి” అని ఉంది, మీట ఎక్కడుందో లేదు. ఆమె ఆ వాక్యం కొట్టేసి మళ్లీ రాశారు. ప్లాస్టరు ఎండిన నా వేళ్లతో నలభై భోజన విరామాలు ఆ పెట్టె పాడుచేశాను. నలభై సార్లు ఆమె వాక్యాలు మార్చారు. కిందటి సోమవారం నేను ఆమెను ఒక్క మాటా అడగకుండా, చచ్చిపడున్న పెట్టెను లేపి, జతలోని రికార్డు దానిలోకి దింపి, దర్జీ ఆమె పేజీ తెర మీదికి తెచ్చాను. అక్కయ్య మూత బిగించి, స్క్రూడ్రైవరు నా చేతిలో పెట్టారు. పిడి మీద ఆమె వేళ్ల గుంటల్లో నా వేళ్లు కుదరడం లేదు. అలాగే పట్టుకుంటున్నాను.

ఆమె కుటుంబసభ్యులకు ఒక మాట. బావగారూ, ఎన్నో శనివారాలు మా దుమ్ము మేజోళ్లు మీ పెరట్లో ఆరాయి. మీకు ఈ విభాగం రుణపడి ఉంది. అమ్మాయీ, ఆసుపత్రిలో ప్రతి కాలికీ రెండు చోట్ల రికార్డు ఉంచిన మీ అమ్మగారు, నీ చిన్ననాటి ఫొటోలన్నీ పాత ఫోనుతో పాటు పోగొట్టారని చెప్పి నువ్వు నవ్వావు. దీపం కింద చీకటి అంటే అదే. ఆ చీకటిలో కొంత మాదే, నవ్వి ఊరుకున్నందుకు నీకు దండం.

పదవీ విరమణ చేస్తున్న అక్కయ్యగారిని, ఆమె గడి ఆమెకే చూపించి, “ఇకమీదట ఏం చేయాలి?” అని అడిగాను. “మధ్యాహ్నం అన్నం తిని, ఎవరూ పిలవకుండా రెండు గంటలు పడుకోవాలి” అన్నారు. ముప్పై నాలుగేళ్లలో ఆమె అడిగింది ఇది రెండోసారి. మొదటిసారి అడిగినవి మీరు పారేసిన పెట్టెలు.

అక్కయ్యా, నీ కీళ్ల వాపు తగ్గాలి, నీ కళ్లు చల్లగా ఉండాలి, ఈ పెట్టెలన్నీ అరిగి ఇటుకలైపోయాక కూడా నువ్వు బావగారి పక్కన, వెనకాల కాదు, నూరేళ్లు నడుస్తూ ఉండాలి.

పెద్దలారా, ఆ నిద్రకు పూచీ మీది. పదిహేడో వరస కొట్టేయండి. ఆ గడి కొత్త సాఫ్ట్‌వేరులో పెట్టించండి, పాత సంవత్సరాలన్నీ అందులోకి ఎక్కేదాకా ఒక్క పెట్టె వైరు కూడా పీకకండి. ఆ నోటుపుస్తకం ముందు పెట్టి ఇద్దరిని ఆ పనిలో వేయండి, నేర్పడానికి నేనున్నాను. ఆమె ఫోను నంబరు మీ బల్ల మీది జాబితాలోంచి తీసేయండి. వీటికి ఉత్తర్వులన్నీ సభ ముగిసేలోపు, ఆమె ఇంకా ఈ భవనంలో ఉండగానే రావాలి. ఆగస్టు 4 మధ్యాహ్నం రెండింటికి గేటు దగ్గర లారీ నిలబడకూడదు, ఆమె ఇంట్లో ఫోను మోగకూడదు.