గుడ్రున్ టీచరమ్మ గీసిన బాణాలు

ఏంట్రా ఐనార్, బలాల లెక్క బుర్రకెక్కట్లేదా? నాకు మాత్రం ఎక్కిందేంటి! కానీ ఆ లెక్క వల్లే నీ ముందు రెండు కాళ్లతో కూర్చున్నాను. గుడ్రున్ టీచరమ్మని నువ్వెరగవులే, మీ నాన్న పెళ్లికి ముందే పోయింది. ఫిజిక్స్ చెప్పేది. కోపమొస్తే చేతిలో సుద్దముక్క పుటుక్కున విరిచేసేది. నా మూలంగానే ఎన్ని విరిగాయో... ఆఁ, ఎక్కడున్నాను?

అదే, ఆ ఏడు చలికాలం. నాకు ఇరవై దాటాయి. గడ్డకట్టిన సరస్సు పాయ మీద దుంగల స్లెడ్జి, అదే మంచు మీద జారే బండి, తోలుకొస్తుంటే పక్కకి ఒరిగింది. దాని అడుగున జారే ఇనప కమ్మీ వెనక కొస కింద నా కాలు. స్లెడ్జి తిన్నగా ముందుకి జారితే కాలొస్తుంది, పక్కకి తిరిగిందా, నుజ్జే. మధ్యలో మంచు ట్రాక్టర్ని మొయ్యదు. అందుకని ఈ ఒడ్డున మా ఊరి బ్యార్ని గాడి పెద్ద ట్రాక్టరు, ఆ ఒడ్డున మా మావయ్య చిన్నది, స్లెడ్జికి చెరో తాడు కట్టి లాగారు. అబ్బ! పెద్దదాని వైపు తిరిగింది చూడు, నా అరుపు ఊళ్లోకి వినబడిందిట.

అప్పుడొచ్చింది ఆవిడ. వచ్చీ రాగానే మడమతో మంచు మీద బాణాలు గీస్తోంది. పొడుగుదొకటి, పొట్టిదొకటి. బ్యార్ని మండిపడ్డాడు. "ఇక్కడ మనిషి చస్తుంటే పాఠాలేంటి టీచరమ్మా?" "చావకూడదనే," అందావిడ. "మీ ఇద్దరి లాగుడులోనూ కొంత ముందుకి, కొంత పక్కకి పోతోంది. పక్కకి పోయేవి రెండూ సమానమైతే ఒకదాన్నొకటి తినేస్తాయి, ముందుకి పోయేవే మిగిలి కలుస్తాయి. నీది బలమైన బండి, తాడు పొడుగు చేసుకుని ఒడ్డెమ్మట ఇంకా ముందుకి పో. ఆపమన్నచోట ఆపు. ఆ ఒడ్డున చిన్న బండి ఉన్నచోటే ఉంటుంది."

వాడు గొణుక్కుంటూనే పోయాడు. ఆవిడేం చేసిందో తెలుసా? ఇందాక స్లెడ్జి తిరిగిన వైపే వచ్చి, నా పక్కన మంచులో పడుకుంది. కోటూ గీటూ అలాగే!

"టీచర్, మళ్లీ ఇటే తిరిగితే?"

"తిరగదు."

"తిరిగితే?"

"ఇద్దరం పోతాం. నోర్మూసుకుని నా చెయ్యి పట్టుకో."

పట్టుకున్నాను. ఇంకో చెయ్యెత్తి ఊపింది. తాళ్లు బిగిశాయి. కమ్మీ కిర్రుమంది, కదిలింది. పెద్ద ట్రాక్టరు వైపు కాదు, చిన్నదాని వైపూ కాదు. గీత గీసినట్టు, మధ్యలోకి. లాగేవాళ్లు ఇద్దరూ చెరో ఒడ్డునున్నారా... అదేమో తిన్నగా, ఎవరూ లాగని వైపు పోతోంది. నా కాలు మీంచి కమ్మీ తప్పుకుంది. తలెత్తి చూశాను. అటు ఉత్త మంచేరా. మనిషన్నవాడు లేడు...