పౌలోస్ ఇంట్లో ఆరని దీపాలు

ఇరింజాలకుడ బస్టాండు పక్కన కుంజప్పన్ టీ కొట్లో, వాన పట్టిన ఓ సాయంత్రం, పౌలోస్ పళంపొరి, అదే అరటిపండు బజ్జీ, తుంచుకుంటూ మొదలెట్టాడు. ఇళ్ళల్లో దీపాలూ తలుపులూ వాటంతటవే పనిచేసేట్టు అమర్చడం అతని పని. కోతలు కోయడం అతని అలవాటు. వినడం మా అలవాటు.

"ముందు చిన్న ఆదేశమే రాశానబ్బాయ్, మా ఇంటిని నడిపే కంప్యూటరుకి. వాన పడితే కిటికీలు మూసెయ్ అని. మూసేసింది. సరే, వానొచ్చేలా ఉంటే ఆరేసిన బట్టలు లోపలికి లాగమని ఇంకోటి రాశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? లక్షద్వీపం మీద మబ్బు పుట్టడం ఆలస్యం, ఇక్కడ నా లుంగీ ఇంట్లోకొచ్చి మడతపడి కూర్చునేది!"

"మరి బనీను సంగతేంటన్నా? అది తడిసి చచ్చేదా?" అన్నాడు కుంజప్పన్, టీ తిరగబోస్తూ.

"నవ్వు, నవ్వు. నేను చాలకుడి వంతెన దాటితే చాలు, చేపల పులుసు దానంతటదే వేడెక్కేది. ఆకలి లేకుండా దాటాననుకో, వేడెక్కేది కాదు. నా కడుపు కూడా చదివేసేది మరి! అంతెందుకు, పోయిన జూన్‌లో రుతుపవనం మా గేటు దాకా వచ్చి ఆగిపోయింది. పౌలోస్ ఇంకా పడక్కుర్చీలోంచి లేవలేదు, కాసేపాగు అని మా ఇల్లు దానికి కబురు పెట్టింది. గోడకి అవతల కుండపోత, ఇవతల దుమ్ము!"

అందరం పడీపడీ నవ్వాం. మూలన కూర్చున్న దేవస్సి ఒక్కడే నవ్వలేదు. పౌలోస్ భార్య రోజిలికి తమ్ముడతను.

"బావా, ఇంట్లో ఎవరూ లేకపోతే అన్నీ ఆర్పేసి తాళం వేసెయ్యమని కూడా రాశావుగా. అది చెప్పవేం?"

"ఆఁ, అదా... అది..."

"ఎవరూ లేకపోవడమంటే ఏంటి బావా? నీ ఫోను గడప దాటడం. అంతేగా? ఆ రోజు మా అక్క మేడ మీదే ఉంది. దీపాలు పోయాయి. తలుపులు బిగుసుకున్నాయి. గోడకి ఒక్క స్విచ్చన్నా మిగల్చలేదు నువ్వు. చీకట్లో మెట్లు తడుముకుంటూ దిగబోయి పడింది. విరిగిన చెయ్యి పట్టుకుని నువ్వొచ్చేదాకా అక్కడే కూర్చుంది. మబ్బుల్ని కూడా లెక్కలోకి తీసుకున్నావు. ఆవిణ్ణి తీసుకోలేదు."

పౌలోస్ గ్లాసు కింద పెట్టాడు.

"కట్టు విప్పారా?"

"విప్పారు. ఇప్పుడిప్పుడే గరిటె పట్టుకుంటోంది."

"నా గురించి ఏమైనా అడిగిందా?"

"లేదు."

పౌలోస్ బల్ల మీదకి వంగి మెల్లగా చెప్పాడు. ఆ గొంతు మేమెప్పుడూ వినలేదు.

"ఆవిడ మీ ఇంటికి వెళ్ళిపోయిన రోజే ఆ ఆదేశంలో తన పేరు కలిపాను రా. రోజిలి తిరిగొచ్చేదాకా ఒక్క దీపం కూడా ఆర్పకు అని రాశాను. పట్టపగలు కూడా వెలుగుతూనే ఉన్నాయి."

దాన్ని మాత్రం మాలో ఎవరూ కోత అనలేదు. రోజూ ఆ వీధిన పోయేవాళ్ళమే, చూస్తూనే ఉన్నాం.

"మాకెందుకు చెప్తావు బావా, వెళ్ళి అక్కకి చెప్పు," అన్నాడు దేవస్సి.

"నేను చెప్తే కోత అనుకుంటుందిరా," అన్నాడు పౌలోస్.