పిన్ని ఇచ్చిన నల్ల గుండీ

అధ్యక్షత వహించిన సహకార సంఘాల రిజిస్ట్రారు గారికి, కుర్చీలు చాలక ఇద్దరేసి సర్దుకు కూర్చున్న పెద్దలకి, మన కుట్టుపనివాళ్ల సంఘంలోని అక్కలకి, అన్నలకి, బాబాయిలకి, ముందు చెప్పాల్సిన పేరు చివర చెబుతున్నందుకు కోప్పడరని తెలిసిన మా కటింగ్ మాస్టారికి నమస్కారాలు.

మా ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటి మనిషిని నేను. అందుకే ఎవరింటికి కాగితం వచ్చినా చదవమని నన్నే పిలుస్తారు. ఇవాళ మాస్టారి వీడ్కోలు సభలో మైకు నా చేతికి రావడం కూడా అలాంటిదే. "నువ్వైతే నాలుగు మంచి మాటలు చెబుతావు" అంది గుండీలకి కాజాలు కుట్టే అక్క. నాలుగూ చెబుతాను అక్కా, కానీ అందులో ఒకటి మంచి మాట కాదు. వచ్చే సోమవారం మాస్టారి స్థానంలో సంఘం అధ్యక్షురాలిగా నా పేరు ఓటుకి వస్తోంది. ఆలోపే ఆ మాట చెప్పెయ్యాలి.

రిజిస్ట్రారు గారు కొత్తగా వచ్చారు కాబట్టి మన ఓటు సంగతి చెబుతాను. మాకు బ్యాలెట్ కాగితాలు లేవు. సగం మందికి చదువు రాని రోజుల్లో మాస్టారు పెట్టిన పద్ధతి ఇది: మూతకి కన్నం పెట్టిన రేకు డబ్బా ఒకటి, ఒక్కొక్కరికీ తెల్ల గుండీ ఒకటి, నల్ల గుండీ ఒకటి. తెల్లదంటే సరే, నల్లదంటే వద్దు. పిడికిలి బిగించి ఒకటి డబ్బాలో వేసి, రెండోది జేబులో పెట్టుకుని వెళ్లిపోవాలి. రాలేనివాళ్లు గుడ్డముక్కలో మూటకట్టి పంపొచ్చు. తెచ్చినవాళ్లు ఆ మూట విప్పకుండా వెయ్యాలి. ఇంతకంటే రాజ్యాంగం మాకు లేదు. (నవ్వులు)

ఆరేళ్ల కింద ఆ డబ్బా ముందుకి ఒక పెద్ద ప్రశ్న వచ్చింది. అప్పటిదాకా మనం మనిషిని నిలబెట్టి, టేపు పట్టి, ఒంటికి కొలత తీసి కుట్టేవాళ్లం. విదేశీ కంపెనీ ఒకటి వచ్చి, జీన్స్ ప్యాంట్లు కుట్టిపెట్టండి, ఏడాది పొడుగునా పని ఇస్తామంది. మాస్టారు అడ్డం తిరిగారు. "ఎవరు తొడుక్కుంటారో చూడకుండా గుడ్డ మీద కత్తెర ఎలా పెట్టేదయ్యా? లోకంలో ఉన్న నడుములన్నీ కలిపి అయిదు సైజులేనా?" అన్నారు. ఇస్త్రీ బాబాయి ఊరుకోలేదు. "మీరు కొలత తీసిన నడుములు నాలుగు రోజులకోసారి వస్తున్నాయి మాస్టారూ. మిగతా మూడు రోజులూ నేను ఇస్త్రీపెట్టె మీద చెయ్యి కాచుకుంటున్నా" అన్నారు. బాబాయ్, మీరు లేవకండి, మీ మాట మీదే ఉన్నాను. (నవ్వులు)

సభ్యులం నలభై ఒక్కమంది. తెల్లవి ఇరవై ఒకటి, నల్లవి ఇరవై. మాస్టారు రెండుసార్లు లెక్కపెట్టారు. తన పక్షం ఒక్క గుండీతో ఓడిపోయిందని తనే ప్రకటించారు. తర్వాత అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: "రేపు ఎనిమిదింటికల్లా మిషన్లకి లావు సూదులు ఎక్కించండి. ఆ గుడ్డకి మన సూదులు ఆగవు." మర్నాడు ఎక్కడో ఒక ప్యాంటు సంపాదించి బల్ల మీద పరిచి, కుట్టుకుట్టూ విప్పి, మళ్లీ కుట్టి, మళ్లీ విప్పి, వారం తిరిగేసరికి మనందరికీ నేర్పారు. వద్దని గొంతు చించుకున్న మనిషే అందరికంటే బాగా కత్తిరించారు.

ప్రజాస్వామ్యం గురించి నేను చదివిన పుస్తకాల్లో గెలిచినవాళ్ల గురించి చాలా ఉంది. ఓడిపోయిన మర్నాడు పొద్దున మనిషి ఏం చెయ్యాలో మాత్రం నేను కటింగ్ బల్ల దగ్గరే చూశాను.

తర్వాత ఆ కంపెనీవాళ్లు మనల్ని చూడ్డానికి వచ్చారు. మంచివాళ్లే. భుజాల మీద చేతులేసి, మమ్మల్ని పేర్లు పెట్టి పిలవండి, మాలో పెద్దా చిన్నా లేదు అన్నారు. మాస్టారు నన్ను వాళ్ల భాషలోకి మార్చి చెప్పమని ఒక ప్రశ్న వేశారు. "మీ మేనేజర్ని మీరే ఎన్నుకుంటారా?" వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లేదండీ, పైనుంచి వేస్తారు అన్నారు. మాస్టారు నిజంగా బాధపడి, "అయ్యో, టీ తాగండి" అన్నారు. (నవ్వులు, చప్పట్లు)

ఆ రోజు నుంచి నాకొక సందేహం పట్టుకుంది. వాళ్ల బట్ట, వాళ్ల పాట, వాళ్ల ఫోను, పుట్టినరోజుకి కేకు మీద కొవ్వొత్తి ఊదడం, ఇవన్నీ ఎవరూ రమ్మనకుండానే ప్రతి వీధికీ వచ్చేశాయి. వాటితో పాటు ఓటు కూడా వస్తుందా? లేక అది వేరే బండిలో రావాలా? టీకొట్టు టీవీలో ఒకరోజు ఎక్కడో దూరదేశంలో పిల్లలు మాకు ఓటు కావాలని రోడ్డుమీద నిలబడ్డారు. మాస్టారు వాళ్ల నినాదాలు వినడం మానేసి, "అమ్మాయ్, ఆ మూడోవాడి వెనక జేబు చూడు, మన కుట్టులా లేదూ?" అన్నారు. నాకు గర్వమేసింది. మర్నాడు అదే టీవీలో కర్రలు పట్టుకుని ఆ పిల్లల్ని తరుముతున్నవాళ్లని చూపించారు. వాళ్లు వేసుకున్నవీ అవే ప్యాంట్లు. మాస్టారు టీ గ్లాసు బల్ల మీద పెట్టేశారు. టీ చల్లారిపోయాక, "ప్యాంటుకేం తెలుసమ్మా, ఏ కాళ్లు దూరితే అటే నడుస్తుంది" అన్నారు.



ఇక నా మాట. ఓటు జరిగిన రోజు మా పిన్నికి జ్వరం. పిన్ని మీకందరికీ తెలుసు, మూడో వరసలో కిటికీ పక్కన కూర్చుంది. ఈ సంఘంలో ఆమె చేతికుట్టుని మించింది లేదు, అంచు మడిచి కుడితే కుట్టు ఎక్కడుందో గుడ్డకే తెలియదు అనేవారు. నల్ల గుండీ మూటకట్టి నా చేతిలో పెట్టింది. "ప్యాంట్లొస్తే చేతికుట్టుతో పనుండదే. నా మాట కూడా డబ్బాలో పడాలి" అంది. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు, అదే నా మొదటి ఓటు. నాకు చదువుంది, లోకం ఎటు పోతోందో తెలుసు, పిన్నికి తెలియదు, ఆమెకేది మంచిదో ఆమె కంటే నాకే బాగా తెలుసు అనుకున్నాను. మెట్ల మీద మూట విప్పాను. నల్ల గుండీ తీసి, ఇంట్లోంచి వస్తూ తెచ్చుకున్న పిన్ని తెల్ల గుండీ పెట్టి కట్టాను.

లెక్క మీరే వేసుకోండి. ఆ మూటలో పిన్ని పెట్టినదే ఉండి ఉంటే నల్లవి ఇరవై ఒకటి.

(సభలో కలకలం)

రిజిస్ట్రారు గారూ, మీ పుస్తకంలో రాసుకోవద్దని నేను అడగను. రాసుకోండి.

ప్యాంట్లతో మనకి పని దొరికింది, బాబాయి ఇస్త్రీపెట్టె చల్లారలేదు, అది నిజం. పిన్ని చేతికుట్టు పోయి, ఆరేళ్లుగా దారం చివర్లు కత్తిరిస్తూ కూర్చుంది, అదీ నిజమే. పోయిన ఆదివారం పిన్నికి చెప్పాను. తిడుతుందనుకున్నాను. కత్తెర పక్కన పెట్టి, "ఆరేళ్లు ఓడిపోయాననుకుని బతికాను కదే" అంది. అంతే. ఇంకేమైనా అని ఉంటే బాగుండేది.

మర్నాడు మాస్టారి దగ్గరికి వెళ్లాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని అన్నారు: "ఆ ప్యాంటు కత్తిరించడం నేర్చుకున్నందుకు నాకు సంతోషమేనమ్మా. అది నీ మంచి కింద జమ వేసుకోకు. చెప్పాల్సింది నాకు కాదు, ఆ డబ్బాలో గుండీ వేసిన ప్రతివాళ్లకీ చెప్పు." "నా వీడ్కోలు సభలోనే చెప్పు, ఎలాగూ అందరూ వస్తారు, టీ కూడా ఉంటుంది" అని కూడా అన్నారు. (నవ్వులు)

రేపటి ప్రజాస్వామ్యం ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే నాకు తెలియదు, తెలుసుకోవాలని మాత్రం చాలా ఉంది. మనకేం కావాలో మనం అడగకముందే ఫోను చెప్పేస్తున్న రోజులివి. అది చెప్పేది చాలాసార్లు సరిగ్గానే ఉంటోంది కూడా. అయినా అది చూసినప్పుడల్లా నాకు మెట్ల మీద మూట విప్పుతున్న నా వేళ్లే కనిపిస్తాయి. నేనూ ఆ రోజు మంచే చేస్తున్నాననుకున్నాను. ఓటు ఎత్తుకుపోయేవాడు దొంగలాగే వస్తాడని అనుకునేదాన్ని. చదువుకున్న కూతురిలా కూడా వస్తాడని నా వల్లే తెలిసింది.

మాస్టారూ, మీ కత్తెర ఎవరికిస్తారో మీ ఇష్టం. మీ డబ్బా మాత్రం ఎవరికో ఒకరికి ఇచ్చి ఇంటికెళ్లిపోయేది కాదని ఇప్పుడు అర్థమైంది. నా పేరు వెనక్కి తీసుకోనా అని మిమ్మల్ని అడిగితే, "అది కూడా నువ్వే తేల్చేస్తావా?" అన్నారు. నిజమే. అందుకని తీసుకోవడం లేదు. మీరంతా కలిసి తేల్చండి.

ఆ నల్ల గుండీ ఆరేళ్లుగా నా దగ్గరే ఉంది, ఇదిగో. పిన్నీ, లేవకు, నేనే వస్తున్నాను. ఇది నీది. సోమవారం డబ్బా బల్ల మీద ఉంటుంది, ఈసారి నీ చేత్తోనే వెయ్యి. నన్ను కాదనడానికి ఇంతకంటే మంచి గుండీ దొరకదు.

ఇంతసేపు విన్నందుకు అందరికీ, నేర్పినందుకు మాస్టారికి కృతజ్ఞతలు. సెలవు.