అయిపోని చేపల డబ్బా

ఒక్క చేపల డబ్బాతో మనిషి ఎన్నాళ్ళు గడపొచ్చు? ఈ దర్జీని అడిగితే ఒక పూట అంటాడు, ఎందుకంటే వాడికి కత్తిరించడం తప్ప సాగదీయడం చేతకాదు, వాడి చేతిలో పడ్డ గుడ్డ ఏదైనా పొట్టిదై కూర్చుంటుంది. ఆ కండక్టరుగారిని అడిగితే రెండు పూటలు అంటారు, అదీ ఇంట్లో ఆవిడ కోపంగా లేకపోతే. నన్ను అడగండి చెబుతాను. నన్నెవరూ అడగరు, అందుకే అడక్కుండానే చెబుతున్నాను.

"అడిగితే ఏంటి, అడక్కపోతే ఏంటి, నువ్వు ఆగేదెక్కడ అన్నయ్యా!" అంది టీ కొట్టావిడ, పాలగిన్నె కింద మంట తగ్గిస్తూ.

ఆగను. ఇవాళ అసలే ఆగను. ఎందుకంటే ఇవాళ ఈ బల్ల మీద మా మరదలు కూర్చుంది. అదిగో, ఒళ్ళో సంచీ పెట్టుకుని, వానకి తడిసిన చెప్పులు విప్పి పక్కన ఆరబెట్టుకుని కూర్చుందే, ఆవిడే. మా ఆవిడకి స్వయానా చెల్లెలు. నన్ను తీసుకుపోవడానికి వచ్చింది. 'బావా, అక్క పోయాక నీకు తిండి సరిగ్గా లేదు, ఆ ఇల్లు ఖాళీ చేసి మా ఇంటికొచ్చెయ్యి, ముందుగది నీకే, ఆదివారం వ్యాను కూడా మాట్లాడేశాం' అంటుంది. నాకు తిండి లేదట! తాళాలు బాగుచేసేవాణ్ణి, ఈ వీధిలో నా చేత్తో తియ్యని తాళం లేదు, నేను మూత తియ్యలేని గిన్నె ఉంటుందా? అందుకే పందెం కట్టాను. నా వంట సంగతి మొత్తం వినాలి, విని నమ్మకం కుదిరితే వ్యాను వద్దని చెప్పేసి, నన్ను నా ఇంట్లో నా మానాన వదిలెయ్యాలి. అంతేనా అమ్మాయ్?

"అంతే బావా. నమ్మితే లేచి వెళ్ళిపోతాను," అంది.

విన్నారుగా, మీరంతా సాక్షులు.

"పిల్లికి ఎలుక సాక్ష్యం," అన్నాడు దర్జీ.

నువ్వు టీ తాగు. సరే, ఆ డబ్బా తెచ్చింది మా ఆవిడే. ఒక సాయంత్రం సంచీలోంచి తీసి చూపించింది, 'బంగాళాదుంప కలిపి బిళ్ళలు వేస్తాను, వేడివేడిగా తిందురుగాని' అంది. నేను అప్పుడే ఈ కొట్టులోంచి వెళ్ళాను కదా, 'ఇవాళ వద్దే, బన్ను తిన్నాను, కడుపులో చోటు లేదు, రేపు చేద్దువుగానిలే' అన్నాను. సరే, ఆ రేపు సంగతి మనకిప్పుడెందుకు. కథలోకి వద్దాం.

ముందు డబ్బా తీయాలా వద్దా? మామూలువాళ్ళయితే చాకుతో పొడుస్తారు, రాయితో బాదుతారు, వేలు తెగ్గోసుకుంటారు. నేను సన్నటి తీగ ఒకటి తీసుకుని, డబ్బా అంచుని చెవి దగ్గర పెట్టుకుని, ఊపిరి బిగబట్టి విన్నాను. తాళంలో పిన్నులు పడ్డట్టు లోపల ఎక్కడో టిక్కుమంది, మూత దానంతట అదే లేచి, దయచేయండి అన్నట్టు పక్కకి తొలగింది.

"చేపల డబ్బాలో పిన్నులుంటాయా?" అన్నారు కండక్టరుగారు.

వినే చెవి ఉన్నవాడికి ఉంటాయి. లోపల చూస్తే చేపలు మీ బస్సులో జనంలాగే ఉన్నాయి, ఒకరి భుజం మీద ఒకరు, ఎవరికీ కాలు తీసే చోటు లేదు. ముందుగా నూనె. బంగారంలాంటి నూనె! ఒక్క చుక్క కింద పడనిస్తే ఒట్టు. జాగ్రత్తగా గ్లాసులోకి వంపాను.

"గ్లాసు నిండిందా బావా?" అని అడిగింది మరదలు. కథ మొదలయ్యాక అదే మొదటి మాట.

నిండడమా! పొర్లింది. పళ్ళెం పెట్టుకున్నాను కింద.

"అక్క ఎప్పుడూ తెచ్చే డబ్బాయేనా? ఎర్ర కాగితం మీద నీలం చేప బొమ్మ?"

అదే అదే. వేరే డబ్బా మా గడప తొక్కదు. చూశారా, తల ఊపుతోంది. సగం నమ్మేసింది అప్పుడే.

మొదటిరోజు ఒక్క చేప తీశాను. చేత్తో నలిపి, ఉల్లిపాయ సన్నగా తరిగి, మిరియం చల్లి, రొట్టె మీద పల్చగా పరిచాను, గోడకి సున్నం కొట్టినట్టు. మర్నాడు ఇంకో చేప, దానికి నాలుగు ఉడికిన బంగాళాదుంపలు, మెదిపి బిళ్ళలు చేసి పెనం మీద రెండువైపులా కాల్చాను. ఆ తర్వాత ముళ్ళు పారేశానా? నూరి అన్నంలో కలిపాను. మిగిలిన నూనెలో చద్దన్నం వేయించాను. చివరికి డబ్బాలో వేణ్ణీళ్ళు పోసి తొలిపి, ఆ నీళ్ళలో సేమియా ఉడికించాను. డబ్బా తొలిపిన నీళ్ళు పారబోసేవాడు సంసారాన్ని పారబోసినట్టే. ఇది మా ఆవిడ మాట, కానీ ఇప్పుడు నా మాట కూడా.

"ఇంతవరకు నమ్మొచ్చు," అన్నాడు దర్జీ, కండక్టరుగారి వైపు చూసి.

అప్పుడే నమ్మకు, నీకన్నింటికీ తొందరే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? డబ్బాలో మూడో చేప, ఆఖరిది, అలాగే ఉంది. ఇంతలో వాన. ఇలాంటి వాన కాదు, ఇది చినుకు. ఆ వానకి మా వీధి మలుపులో బస్సు ఒకటి ఆగిపోయింది, చక్రాలు మునిగి. జనం, పిల్లలు, ఆకలి, ఏడుపులు.

"ఏ బస్సు? నాకు తెలియకుండా?" అన్నారు కండక్టరుగారు.

మీరు ఆ వారం సెలవులో ఉన్నారు. ఒక్కొక్కళ్ళే మా మెట్ల మీదకి చేరారు. నేను తలుపు తీసి, రండి, కూర్చోండి, మీకు భోజనం పెట్టే పూచీ నాది అన్నాను. ఒక్క చేపతో! పక్కింటివాళ్ళ దగ్గర్నుంచి బంగాళాదుంపలు తెప్పించాను, బస్తాతో. ఉడికించాను. ఇప్పుడు కిటుకు వినండి, ఇది ఎవరికీ చెప్పలేదు. చేపని బంగాళాదుంపల్లో కలపకూడదు. చూపించి తీసెయ్యాలి. పరిచయం చాలు, వియ్యం అక్కర్లేదు. గంప దగ్గరికి చేపని తీసుకెళ్ళి, 'ఇదిగో, వీళ్ళు బంగాళాదుంపలు, వీరు చేపగారు' అని అటూఇటూ తిప్పి మళ్ళీ డబ్బాలో పెట్టేశాను. బిళ్ళలు కాల్చి పెడితే తిన్నవాళ్ళు తిన్నట్టు లొట్టలు! ఒక ముసలాయనైతే గొంతులో ముల్లు గుచ్చుకుందని దగ్గాడు కూడా.

టీ కొట్టావిడ నవ్వుతూ గరిటె జారవిడిచింది. "వదిన పోయినప్పటి నుంచి ఈ మనిషి ఇంత కథ చెప్పడం ఇదే మొదలు," అంది, ఎవరితోనో కాదు, గిన్నెతో అన్నట్టు.

బస్సు బాగైంది. ఎక్కేవాడు లేడు! డ్రైవరే వచ్చి వరసలో కూర్చున్నాడు. డిపోవాళ్ళు ఏమయ్యారో చూడమని ఇంకో బస్సు పంపితే, అందులోవాళ్ళూ దిగి కూర్చున్నారు. ఆ వాసనకి చుట్టుపక్కల వీధుల్లో పిల్లులన్నీ వచ్చాయి. కొట్టుకున్నాయా? అరిచాయా? లేదు. గోడ పక్కన వరసకట్టి నిలబడ్డాయి, పైగా ముసలి పిల్లుల్ని ముందుకి పంపించాయి. అంత మర్యాద నేను మీ బస్సులో కూడా చూడలేదు కండక్టరుగారూ.

"చెవుల్లో పువ్వులు పెట్టడం కాదు అన్నా, తోటే నాటుతున్నావు," అన్నాడు దర్జీ.

నాటడం అంటే గుర్తొచ్చింది! ఆ చేపని ఆఖరికి నేనే తినేశాను, మరి నేనూ మనిషినే కదా. ముల్లు ఒక్కటి మిగిలింది, తలా తోకా మధ్య దువ్వెన లాగా. పారెయ్యడానికి చెయ్యి రాలేదు. బకెట్లో నీళ్ళు పట్టి అందులో వేశాను. ఏమైందో తెలుసా? తెల్లారి చూస్తే ముల్లుకి కాస్త కండ పట్టింది. ఇంకో రోజుకి ఒక పక్కంతా నిండింది. ఇంకో రోజుకి కన్ను తెరిచి నన్ను చూసింది. ఏం చెప్పమంటారు! మంగలి గడ్డం చేసినట్టు రోజుకో పక్క సుతారంగా కోసుకునేవాణ్ణి, అదీ అలవాటుపడిపోయింది, నేను చాకు తేగానే ఇటు తిరిగేది, ఇవాళ ఎడమ వంతు అన్నట్టు.

"పాపం కాదూ?" అంది టీ కొట్టావిడ.

కితకితలు పెట్టినట్టుండేది దానికి. ఇక ఈ సంగతి ఆ నోటా ఈ నోటా పాకి, జనం డబ్బాలు కొనడం మానేశారు. ఒక్కటి కొనుక్కుంటే మనవలదాకా సరిపోతుందని. ఒక రోజు మా గుమ్మంలో పెద్ద కారు ఆగింది. దిగిందెవరనుకున్నారు? ఆ నీలం చేప ఫ్యాక్టరీ మేనేజరు. టోపీ చేత్తో పట్టుకుని, కళ్ళనీళ్ళు పెట్టుకుని, 'అయ్యా, మీ పుణ్యమా అని మా ఫ్యాక్టరీ మూసుకోవాల్సి వస్తోంది, వందల మంది పనివాళ్ళున్నారు, దయచేసి ఆ ఒక్క డబ్బా అవగొట్టెయ్యండి, మీకేం కావాలంటే అది ఇస్తాం' అన్నాడు. నేనేమన్నాను? లేచి నిలబడి, 'క్షమించండి సార్, నా చేతిలో పడ్డ డబ్బా అయిపోదు' అన్నాను. ఆయన అలా చూస్తూనే కారెక్కాడు. అంతెందుకు, ఇప్పటికీ ఉంది ఆ డబ్బా, మా వంటింటి అలమరలో, కావాలంటే ఎవరైనా రండి, చూపిస్తాను!

బల్లంతా నవ్వు. దర్జీ తొడ కొట్టుకుంటున్నాడు. కండక్టరుగారికి పొలమారింది. మా మరదలు ఒక్కతే నవ్వలేదు.

"నిజమే. ఉంది," అంది. "నేను చూశాను."

దర్జీ నవ్వు సగంలో ఆగింది. నేను చెయ్యెత్తి ఊరేగింపులో నాయకుడిలా అందరికీ చూపించాను. విన్నారా? సొంత మరదలు! ఇంతకంటే ఏం సాక్ష్యం కావాలి? వ్యానువాడికి కబురు పెట్టెయ్యి అమ్మాయ్.

"నువ్విచ్చిన రెండో తాళంచెవితో పొద్దున్న ఇంట్లోకి వెళ్ళాను బావా, నీ బట్టలు సర్దుదామని," అంది, మెల్లగా, ఎవరినీ నొప్పించని గొంతుతో. "పొయ్యి ఎప్పటినుంచో వెలిగించినట్టు లేదు. గిన్నెలన్నీ అక్క బోర్లించిన వరసలోనే ఉన్నాయి. గంపలో ఉల్లిపాయలు మొలకలొచ్చి కిటికీ వైపు వంగాయి. అలమర నిండా దుమ్ము. ఆ డబ్బా మీద మాత్రం లేదు. రోజూ తుడుస్తున్నట్టుంది."

తుడవనా మరి? వాడే వస్తువు కదా, అన్నాను.

"మూత తియ్యలేదు బావా."

తీసి మళ్ళీ మూశాను. తాళాలవాడికి మూయడం ఎంతసేపు?

నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది.

"ఆ నీలం చేప డబ్బాలో నూనె ఉండదు బావా. టమాటా గుజ్జు ఉంటుంది. అందుకే కదా అక్క వేసిన బిళ్ళలు ఎర్రగా ఉండేవి."

కారం అనుకున్నాను. అన్నేళ్ళు తిన్నాను, ఆ ఎరుపు కారం అనే అనుకున్నాను. ఒక్కసారి, వంటింటి గుమ్మంలో నిలబడి, ఏం వేస్తున్నావే అందులో అని అడిగి ఉంటే చెప్పి ఉండేది. ఎంత సంబరంగా చెప్పి ఉండేది. ఈ కొట్టులో నా కబుర్లు అందరూ విన్నారు, ఆవిడ కబుర్లు ఆ పెనం ఒక్కటే విన్నది.

మరదలు సంచీలో చెయ్యిపెట్టి డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. ఎర్ర కాగితం అంచులు నా గుడ్డ రాపిడికి తెల్లబడ్డాయి. టీ కొట్టావిడ ఏమనుకుందో ఏమో, పాలడబ్బాలు కోసే చాకు తెచ్చి దాని పక్కన పెట్టింది.

"పందెం మానలేదు బావా," అంది మరదలు. "ఇప్పుడు ఇక్కడ తియ్యి. తీసి, ఒక్క పూట వండుకుని తిను. నువ్వు ఒక్కడివీ ఉండగలవని నమ్ముతాను. చెప్పులేసుకుని వెళ్ళిపోతాను."

చాకు తీసుకున్నాను. అంచు మీద ఆనించాను కూడా. ఇనప్పెట్టెలు తీసిన చెయ్యి ఇది, తాళంచెవి బావిలో పడేసుకున్నవాళ్ళు ఏడుస్తూ వస్తే నవ్వించి పంపిన చెయ్యి. కొంచెం నొక్కితే చాలు. లోపల ద్రవం ఏదో కదిలినట్టు చిన్న చప్పుడైంది. నూనె కాదు.

చాకు కింద పెట్టేశాను.

తీస్తే అయిపోతుంది కదే, అన్నాను.

పాలు పొంగాయి. టీ కొట్టావిడ చూస్తూ చూస్తూనే పొంగనిచ్చింది. కండక్టరుగారు కళ్ళజోడు తీసి, తుడవాల్సిన పని లేకపోయినా తుడుచుకున్నారు. మరదలు వంగి చెప్పులేసుకుంది. వెళ్ళిపోతుందనుకున్నాను, పందెం ఓడినా గెలిచినా. వెళ్ళలేదు. డబ్బా తీసి నా చేతిలో పెట్టింది.

"ఆదివారం వ్యాను వస్తుంది. గిన్నెలూ గంపలూ మేం సర్దుతాం. దీన్ని మాత్రం సామాన్లలో వెయ్యకు బావా, నువ్వే చేత్తో పట్టుకురా. మా అలమరలో పైఅర ఖాళీ చేస్తాను. మా ఇంట్లో ఎవరూ ముట్టుకోరు."

చేత్తోనా! అన్నాను. నవ్వే ప్రయత్నం చేశాను, కొంచెం వచ్చింది కూడా. దీని బరువెంతో తెలుసా అమ్మాయ్? ముగ్గురు పట్టినా బల్ల మీంచి లేవదు.

దర్జీ నోరు తెరిచాడు. టీ కొట్టావిడ వాడి వైపు చూసింది. మూసేశాడు.

"తెలుసు బావా," అంది మరదలు.