పలక మీద మాట

“ఇంతకీ ఆ మాటకి అర్థమేంటి?”

“చెప్పాగా అక్కా. మంచి మాటే.”

“మంచి మాటంటే?”

ఫ్యాక్టరీ ట్యాంకులో దిగి, గ్యాసు కమ్మి పోయిన ఫిట్టరు ఇల్లు అది. గడప మీద అతని భార్య, ఎదురుగా పీట మీద ఆమె తమ్ముడు. బావా బావమరదులిద్దరిదీ ఒకే ఫ్యాక్టరీ. అతని జ్ఞాపకంగా ఫ్యాక్టరీలో పెట్టే ఇత్తడి పలక మీద ఫిట్టరు పేరు పక్కన చెక్కించడానికి మేనేజరు ఒక ఇంగ్లీషు మాట పంపాడు.

“ఎక్సిమియస్. అంటే చాలా గొప్పవాడని. అందరినీ మించినవాడని.”

“ఎప్పుడూ వినలేదే.”

“ఇప్పుడెవరూ వాడరు. లైబ్రరీలో పెద్ద డిక్షనరీ తిరగేస్తే దొరికింది. లాటిన్ నుంచి వచ్చిందట.”

“అక్కడేంటి అర్థం?”

“అదే... గొప్ప.”

“పుట్టడమే గొప్పగా పుట్టిందా?”

“పోనీలే అక్కా. టీ చల్లారిపోతోంది.”

“చల్లారనీ. చెప్పు.”

“పదింటిలోంచి బయటికి తీసింది. ఏరి పక్కన పెట్టింది. మేలైనదాన్నే ఏరతారు కదా, అలా గొప్పదనే అర్థం వచ్చింది.”

“ఏరి పక్కన పెట్టింది.”

“నీకిష్టం లేకపోతే వద్దని చెప్పేస్తా. వేరే మాట ఏదైనా...”

“వద్దని నేనన్నానా? ఇంకేముంది అందులో?”

“ఏం లేదు.”

“అబద్ధమాడితే చెవి గోక్కుంటావు నువ్వు.”

“అక్కణ్ణించే ఇంకో మాట పుట్టిందట. మినహాయించడం. అందరూ చేయాల్సిన పని నుంచి ఒకణ్ణి తప్పించడం.”

“తప్పించడం.”

“ఊఁ.”

“రెండూ ఒకదాన్నించేనా?”

“ఒకదాన్నించే. బయటికి తీయడం, అంతే. రేపు చెక్కేవాడొస్తాడు. ఏం చెప్పమంటావు?”

“చెక్కమను. మీ బావకి సరిపోతుంది.”

“సరే.”

“ఆ రోజు నిన్ను స్టోర్సుకి ఎందుకు పంపారో అడిగావా ఎప్పుడైనా?”

“మేనేజరు పొమ్మన్నాడు, పోయాను. ఎందుకూ?”

“ట్యాంకులో దిగడానికి మొదట వేసిన పేరు నీది. మీ బావ ముందురోజే వెళ్లి నీ పేరు తీయించి, తన పేరు వేయించుకున్నాడు.”

“ఎవరు చెప్పారు నీకు?”

“ఆయనే. ఆ పొద్దున బయల్దేరేముందు చెప్పాడు. భోజనం డబ్బా మూత పెడుతూ, సరేనన్నాను.”